మైనపు నాసిక

తెలుగు ప్రబంధకవులు నాయిక కన్నులకోసం కలువలనూ, చేపలనూ, లేళ్ళనూ తెచ్చి రాసులు పోశారు గాని, ముక్కు దగ్గరకు వచ్చేసరికి వారి ఊహ కొంచెం ముడుచుకొన్నది. సంపెంగ మొగ్గ, నువ్వుపువ్వు. ఆ రెండూ అయితే ఇక సెలవు. ఆ కొరత తీర్చినవాడు నంది తిమ్మన. తుమ్మెద తనవంక చూడలేదని నొచ్చుకొన్న సంపెంగ తపస్సు చేసి స్త్రీ నాసికగా పుట్టి, ఇరుప్రక్కలా చూపులనే తుమ్మెదలను నిలుపుకొన్నదని ఆయన కల్పించిన పద్యమే ఆయనకు ముక్కు తిమ్మన అన్న పేరు తెచ్చిపెట్టిందని మన పెద్దలు చెప్పుకొంటారు. ఆ పద్యం వసుచరిత్రలో ఎట్లా కనిపిస్తున్నదన్న తగవు పండితులకు వదలుదాం. ముక్కు మీద ఒక్క పద్యం చెప్పి ఒక కవి చిరంజీవి అయ్యాడు. ముక్కు మూలంగా ఒక స్త్రీ జీవితం ఏ మలుపు తిరిగిందో నేను చెప్పదలచుకొన్నాను.

ఆమె పేరు గ్లాడిస్ డీకన్. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో పారిస్, లండన్, ఫ్లారెన్స్ నగరాల విందుశాలలలో ఆమె పేరు తెలియనివారు లేరు. శిల్పి రోడిన్, చిత్రకారుడు మొనే, నవలాకారుడు అనతోల్ ఫ్రాన్స్ ఆమె స్నేహాన్ని కోరినవారు. మార్సెల్ ప్రూస్ట్ ఆమె అందాన్ని చూచి అబ్బురపడ్డాడు. ఇటలీ చిత్రకళకు ప్రమాణపురుషుడైన బెర్నార్డ్ బెరెన్సన్, ఆయన భార్య మేరీ, ఇద్దరికిద్దరూ ఆమె మాటకు మంత్రముగ్ధులయ్యారు. అందం ఒక్కటే అయితే ఇంతమంది చుట్టూ చేరేవారు కారు. అనేక భాషలు, విస్తారమైన పఠనం, కత్తివాదర వంటి సంభాషణ ఆమెకు ఉన్నవి. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉన్నది. గ్లాడిస్ కథ చెప్పేవారు సాధారణంగా ముక్కుతో మొదలుపెట్టి ముక్కుతో ముగిస్తారు. నడుమ ఉన్న మనిషి కనిపించదు. నేనూ ముక్కుతోనే మొదలుపెట్టాను గనుక ఆ తప్పులో నాకూ పాలు లేకపోలేదు.

గ్లాడిస్ 1881 ఫిబ్రవరి 7న పారిస్‌లో జన్మించింది. తల్లిదండ్రులు అమెరికనులు. తండ్రి ఎడ్వర్డ్ పార్కర్ డీకన్ బోస్టన్ సంపన్న కుటుంబీకుడు. తల్లి ఫ్లారెన్స్ బాల్డ్‌విన్ ఒక నౌకాదళాధిపతి కుమార్తె, స్వయంగా పేరుపడ్డ సుందరి. ఇంటినిండా ధనం ఉన్నది గాని దంపతుల నడుమ పొత్తు లేదు. తల్లికి ఎమీల్ అబేయ్ అనే ఫ్రెంచివానితో స్నేహం కలిసింది. 1892 ఫిబ్రవరిలో ఒక రాత్రి, కాన్ పట్టణపు హోటలులో, భర్త తుపాకి తీసి ఆ ప్రియుణ్ణి కాల్చాడు. అతడు మరునాడు ప్రాణం విడిచాడు. రెండు ఖండాల పత్రికలూ ఈ వార్తను వారాల తరబడి వండి వడ్డించినవి. డీకన్‌కు ఒక సంవత్సరం శిక్ష పడింది. కొద్ది మాసాలకే విడుదలయ్యాడు. అప్పటికి గ్లాడిస్‌కు 11 ఏండ్లు. ఆ తరువాత తల్లికీ తండ్రికీ మధ్య బిడ్డలకోసం పెనుగులాట, విడాకులు, తండ్రి వెంట అమెరికా ప్రయాణం, కొన్నేండ్లకు తిరిగి తల్లి దగ్గరకు రాక. తండ్రికి క్రమంగా మతి చలించింది. 1901లో ఆయన మానసిక చికిత్సాలయంలోనే కన్ను మూశాడు. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. కథ చివర దీనితో పని పడుతుంది.

అమెరికాలో చదువుకొంటున్న రోజులలో, 1895లో, ఇంగ్లండు తొమ్మిదవ మార్ల్‌బరో డ్యూకుకూ న్యూయార్కు కోటీశ్వరుల బిడ్డ కాన్సుయెలో వాండర్‌బిల్ట్‌కూ పెండ్లి జరిగింది. ఆ వార్త పత్రికలో చదివిన 14 ఏండ్ల గ్లాడిస్, ఆ డ్యూకును తాను పెండ్లాడగల వయస్సు తనకు లేకపోయిందే అని వాపోతూ తల్లికి ఉత్తరం వ్రాసింది. ఆటకు వ్రాసిన మాటలే కావచ్చు. కాని ఆ తరువాత 26 ఏండ్లకు ఆ ఆట నిజమైంది. చిన్ననాడు కోరుకొన్నవన్నీ పెద్దయినాక దొరకడం అదృష్టమేనా అన్న ప్రశ్న ఈమె విషయంలో నాకు తరచు వస్తూ ఉంటుంది.

యుక్తవయస్సు వచ్చాక ఆమె డ్యూక్ దంపతులిద్దరికీ స్నేహితురాలైంది. బ్లెన్‌హైమ్ సౌధం ఆమెకు తెరుచుకొన్నది. ఇది విన్‌స్టన్ చర్చిల్ పుట్టిన ఇల్లే. డ్యూక్ ఆయనకు పెదతండ్రి కొడుకు. 1901లో జర్మనీ యువరాజు విల్‌హెల్మ్ ఆ సౌధానికి అతిథిగా వచ్చి గ్లాడిస్‌ను చూచి మనసు పారేసుకొన్నాడు. తన వ్రేలి ఉంగరం తీసి ఆమెకు ఇచ్చాడు. సంగతి తెలిసిన కైజరు మండిపడి ఆ ఉంగరాన్ని వెనుకకు రప్పించాడు. అమెరికా వర్తకుల ఇంటి పిల్ల జర్మనీ సింహాసనం అంచు దాకా వెళ్ళి వచ్చిందని ఐరోపా అంతా చెప్పుకొన్నది. అప్పటికి ఆమెకు 20 ఏండ్లు. ముక్కుతో సహా ఆమె ముఖంలో దేనికీ ఎవరూ వంక పెట్టలేదు.

వంక పెట్టినది ఆమె ఒక్కతే. ప్రాచీన గ్రీకు శిల్పాలలో నుదుటినుండి ముక్కు కొన దాకా ఒకే సరళరేఖ సాగుతుంది. నడుమ పల్లం ఉండదు. మానవులలో అది అరుదు. శిల్పులు ఆదర్శంగా చెక్కినదే గాని ఏథెన్సు వీథులలో తిరిగిన స్త్రీలందరికీ అటువంటి ముక్కు ఉండి ఉండదు. గ్లాడిస్ మ్యూజియములలో ఆ పాలరాతి ముఖాలను శ్రద్ధగా పరిశీలించింది. ప్రక్కనుండి చూస్తే తన నుదుటికీ ముక్కుకూ నడుమ ఉన్న చిన్న పల్లం ఆమెకు దోషంగా తోచింది. 1903లో, 22వ ఏట, పారిస్‌లో ఆ పల్లంలోనికి పారఫిన్ మైనం ఎక్కించుకొన్నది.

ఇది వెర్రితలంపు అని నవ్వబోయే ముందు ఆ కాలపు వైద్యుల సంగతి కొంత తెలియాలి. ముక్కును బాగుచేసే విద్య మనకు క్రొత్త కాదు. సుశ్రుతుడు చెక్కిలి చర్మంతో తెగిన ముక్కును తిరిగి కట్టే విధానం చెప్పాడు. మైసూరు యుద్ధాలలో టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకొన్న కవాస్జీ అనే బండ్లవానికి పుణె ప్రాంతంలో దేశవైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు అమర్చిన వృత్తాంతం 1794లో లండను పత్రికలో అచ్చు అయి, ఐరోపా శస్త్రవైద్యులను ఆశ్చర్యపరచింది. అయితే అవన్నీ కోసి కుట్టే పద్ధతులు. మనిషి శరీరాన్నే మనిషికి అతికే పద్ధతులు. కోత లేకుండా, గాటు కనిపించకుండా, ఒక్క సూదిపోటుతో ముఖాన్ని మార్చవచ్చునన్న ఆశ 1899లో వియన్నాలో పుట్టింది.

ఆ ఆశకు కర్త రాబర్ట్ గెర్సునీ. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు బిల్‌రోత్ పరంపరకు చెందినవాడు, గౌరవనీయుడు. క్షయవల్ల వృషణాలు కోల్పోయిన ఒక యువకునికి వాసెలిన్ ఎక్కించి వాటి ఆకారం కల్పించాడు. యువకునికి అప్పట్లో ఏ ఇబ్బందీ రాలేదు. ఈ సంగతి 1900లో ప్రకటితం కాగానే వైద్యలోకం ఆవలి గట్టు కనిపించినట్లే సంబరపడింది. సవాయి రోగంవల్ల అణగిపోయిన ముక్కులు, గుంటపడిన చెక్కిళ్ళు, ముడుతలు, చివరకు స్తనాలు కూడా ఈ విధంగా నింపసాగారు. వాసెలిన్ మరీ మెత్తనని, దానికంటె హెచ్చు వేడికి గాని కరగని గట్టి పారఫిన్ వాడడం బెర్లిన్‌లో ఎక్‌స్టైన్ మొదలుపెట్టాడు. మైనాన్ని కరగించి, వేడిచేసిన పిచికారీలో నింపి, చర్మం క్రింద పోసి, గడ్డకట్టకముందే వ్రేళ్ళతో నొక్కి కావలసిన ఆకారం దిద్ది, చన్నీటితో చల్లబరచేవారు. కుమ్మరి సారె మీద మట్టికి జరిగే పని మనిషి ముఖం మీద జరిగిందన్నమాట. సారె మీది కుండకు ఆవము ఉన్నది. ఈ మైనానికి ఏ ఆవమూ లేదు.

పారఫిన్ అంటే మనం దీపాలకు వాడిన కొవ్వొత్తి మైనమే, మట్టినూనెకు తోబుట్టువు. అది దేనితోనూ కలవదు, కుళ్ళదు, పులియదు. కనుకనే శరీరానికి హాని చేయదని వైద్యులు తర్కించారు. తర్కం చక్కగానే ఉన్నది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మైనం శరీరాన్ని ఏమీ చేయదని ఆలోచించారు గాని శరీరం మైనాన్ని ఏమి చేయబోతుందో ఆలోచించలేదు.

శరీరం పరాయి వస్తువును ఊరకే ఉండనీయదు. కాలిలో ముల్లు విరిగితే చుట్టూ ఎర్రబారి, వాచి, సలపరించడం అందరికీ అనుభవమే. రక్తంలోనుండి భక్షక కణాలు పరుగెత్తుకొని వచ్చి ఆ ముల్లును మ్రింగి జీర్ణించుకోవడానికి చేసే ప్రయత్నమే ఆ వాపు. ముల్లు చిన్నదైతే చీముతో బయటపడుతుంది. మైనపు బిందువులు అట్లా బయటపడవు, జీర్ణమూ కావు. భక్షక కణాలు వాటిని మ్రింగలేక, విడువలేక, చుట్టూ గుమిగూడి, ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలుగా మారి, నార వంటి కండతో గోడ కట్టుకొంటవి. ఈ గడ్డలను వైద్యులు గ్రాన్యులోమా అంటారు. పారఫిన్ వల్ల వచ్చినప్పుడు పారఫినోమా అనే ప్రత్యేకమైన పేరే పెట్టవలసివచ్చింది. ఇవి మాసాలకు పుట్టవచ్చు, దశాబ్దాలకూ పుట్టవచ్చు. దీనికి తోడు మైనం పోసిన చోట నిలువదు. శరీరపు వేడికి, ఎండకు, పొయ్యి సెగకు మెత్తబడి, భూమి తన వైపు లాగగా, క్రిందికి జారుతుంది. మరీ ఘోరమైనవి తత్‌క్షణమే జరిగేవి: సూది రక్తనాళంలో దిగితే ఆ మైనం ఊపిరితిత్తులకో కంటికో చేరుతుంది. ముక్కులో పారఫిన్ ఎక్కించుకొన్న రోగికి కంటిచూపు పోయిన ఒక సంఘటన అమెరికా వైద్యపత్రికలో ప్రకటితమైనది 1903లోనే. గ్లాడిస్ సూది వేయించుకొన్న సంవత్సరమూ అదే. హెచ్చరికలు వైద్యుల పత్రికలలో ఉన్నవి. సౌందర్యశాలల గోడల మీద లేవు.

ఆమెకు జరిగినది ఇదే. ముక్కు వాచింది, ఎర్రబారింది, నొప్పి పుట్టింది. కొంతకాలం ఆమె జనం కంట పడకుండా ఉండవలసివచ్చింది. మొదట తగ్గినట్లే కనిపించింది. కాని ఏండ్లు గడిచేకొద్దీ మైనం ముక్కు నుండి క్రిందికి దిగి, దవడ దగ్గర, గడ్డం దగ్గర గడ్డలై పేరుకొన్నది. చర్మం మీద మచ్చలు తేరినవి. ఈ మార్పు ఒక్కరోజులో వచ్చినది కాదు. 1916లో బోల్డీనీ ఆమె చిత్రం వ్రాసేనాటికి కూడా ఆమెను చూచి తలత్రిప్పుకోలేని వారు కొల్లలు. అందువల్ల మైనం పోసిన మరునాడే ఆమె కురూపి అయిందని కొందరు వ్రాసేది అతిశయోక్తి. ఆమె అనుభవించినది అంతకంటె క్రూరమైనది. దాదాపు 20, 30 ఏండ్లపాటు ప్రతి ఉదయం అద్దంలో తన ముఖం కొద్దికొద్దిగా జారడం ఆమె చూచుకొన్నది.

ఇక్కడ కథ ఒక్కక్షణం ఆపి మన కాలానికి రావాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి పాశ్చాత్య వైద్యులు పారఫిన్‌ను చాలవరకు విసర్జించారు. కాని ఆ ఆశ చావలేదు. రెండవ యుద్ధం తరువాత జపానులో ద్రవరూపమైన సిలికోన్ వచ్చింది. 1990 ప్రాంతాలలో కండలు పెంచే యువకులకోసం సింథాల్ అనే నూనె వచ్చింది. వ్యాయామశాలలలో కొందరు పారఫిన్ నూనెను, నువ్వులనూనెను, బాదం నూనెను కూడా తమ భుజాలలోనికి తామే ఎక్కించుకొంటున్నారు. అదీ చుక్కలు కాదు, కొందరి విషయంలో లీటర్లు. గ్లాడిస్ ముక్కులో పట్టిన మైనం ఎంత, ఇది ఎంత! వాపు, గడ్డలు, పుండ్లు ఈ యువకులకూ వస్తున్నవి. వాటితో పాటు గెర్సునీ కాలంలో ఎవరి ఊహకూ అందని మరొక విపత్తు వస్తున్నది. అది రక్తంలో కాల్షియం పెరిగిపోవడం.

సూది గుచ్చినది భుజానికి, చెడినది మూత్రపిండం. ఈ రెండిటికీ ఏమి సంబంధం? ఎముకలకు బలమని తల్లులు బిడ్డలకు పాలు పట్టేది కాల్షియం కోసమే. ఆ కాల్షియం ప్రేగులలోనుండి రక్తంలోనికి రావాలంటే డి విటమిన్ కావాలి. ఎండ వల్ల చర్మంలో పుట్టే డి విటమిన్ మొదట నిద్రాణంగా ఉంటుంది. కాలేయం, ఆపైన మూత్రపిండం దానిని మేల్కొల్పి పనికి పంపుతవి. ఎంత మేల్కొల్పాలో గొంతు దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు కనిపెడుతూ ఉంటవి. రక్తంలో డెసిలీటరుకు సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య కాల్షియం నిలవడం ఈ కాపలా మహిమే. కాని గ్రాన్యులోమాలో గుమిగూడిన భక్షక కణాలకు కూడా ఆ విటమిన్‌ను మేల్కొల్పే శక్తి ఉన్నదని, ఇతర కారణాలవల్ల అటువంటి గడ్డలు వచ్చిన రోగులను పరిశీలించి 1980 ప్రాంతాలలో వైద్యులు కనుగొన్నారు. ఆ కణాలు ఏ గ్రంథి ఆజ్ఞకూ లోబడవు. మన కాలువల భాషలో చెప్పాలంటే, తూము దగ్గర లష్కరు ఉంటాడు, నీరు చాలినదనగానే తలుపు దించుతాడు. దొంగగండి పడిన చోట లష్కరు మాట చెల్లదు. పొలం మునిగేదాకా నీరు పారుతూనే ఉంటుంది.

ఆ విధంగా కాల్షియం పెరిగిన మనిషికి దాహం, అతిమూత్రం, మలబద్ధకం, వాంతులు, చెప్పలేని నిస్సత్తువ, కొందరికి మతి తడబాటు వస్తవి. మూత్రపిండాలలో రాళ్ళు పుడతవి. మూత్రపిండమే సున్నం పట్టి పనిచేయడం మానవచ్చు. సూది వేయించుకొని అప్పటికి ఎన్నో ఏండ్లు అయి ఉండవచ్చు గనుక, రోగి ఆ సంగతి చెప్పడు. వైద్యుడు అడగకపోతే కారణం బయటపడదు. డెన్మార్క్ వంటి దేశాలలో ఇటువంటి యువకులు ఆస్పత్రులకు చేరిన వృత్తాంతాలు వైద్యపత్రికలలో వచ్చినవి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మందులు ఆ కణాల ఉద్రేకాన్ని అణచి కాల్షియాన్ని దించుతవి. ఎండనూ డి విటమిన్ మాత్రలనూ మానిపిస్తారు, సెలైను ఎక్కిస్తారు. నూనెను తీసివేయడం మాత్రం అంత తేలిక కాదు. అది కండ పోగుల మధ్య ఇంకిపోయి ఉంటుంది. నూనెను తీయాలంటే కండనే తీయాలి.

గ్లాడిస్ రోగం ఇంత దూరం పోయినదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెకు ఎక్కించిన మైనం కొద్ది. ఆమె బ్రతికినది 96 ఏండ్లు. దొంగగండి పడిన మూత్రపిండాలతో ఎవరూ అంతకాలం బ్రతకరు. ఆమెకు దక్కినది ఆ విపత్తులో మొదటి సగం మాత్రమే: వాపు, జారుడు, మచ్చ. ఆమె చివరి రోజుల మతిభ్రమను మైనానికి ముడివేసే వారితోనూ నాకు పేచీ ఉన్నది. తండ్రి ఎక్కడ కన్ను మూశాడో చెప్పాను గదా. ఆ తండ్రి తుపాకి ప్రేలిన రాత్రి, ఆ తరువాత బిడ్డను మూటలాగా ఇటూ అటూ లాగిన పెద్దల తగవులు, ఇవి కూడా లెక్కలోనికి రావాలి.

డ్యూకుకూ కాన్సుయెలోకూ 1906లో ఎడబాటు కలిగింది. విడాకులు 1921లో గాని రాలేదు. ఆ సంవత్సరం జూన్ 25న పారిస్‌లో గ్లాడిస్ డ్యూకును పెండ్లాడింది. ఆమెకు 40 ఏండ్లు, ఆయనకు 49. యౌవనంలో పుట్టిన అనురాగం అంతకాలం నిరీక్షించి నిరీక్షించి, చేతికి అందేసరికి వాడిపోయింది. ఆయన ముక్కోపి, ఆచారపరుడు. 1927లో కథోలిక మతంలో చేరాడు. ఆమె స్వతంత్ర, కళాకారుల మధ్య పెరిగినది. గుర్రాలు, వేట, వారసత్వం తప్ప మరొక మాట లేని ఆ విందులలో ఆమెకు ఊపిరాడలేదు. ఒకనాటి విందులో ఆమె తన పళ్ళెం ప్రక్కన పిస్తోలు పెట్టుకొని కూర్చున్నదని చెప్పుకొంటారు. సౌధంలో చిన్న స్పానియల్ కుక్కలను పెంచి, వాటిని గదులన్నిటా యథేచ్ఛగా తిరగనిచ్చింది. తివాచీల గతి ఏమైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ సౌధంలో ఆమె విడిచిపోయిన గుర్తులు రెండు. 1928లో చిత్రకారుడు కాలిన్ గిల్ సింహద్వారపు మంటపం పైకప్పున పెద్ద పెద్ద కన్నులు వ్రాశాడు; వాటిలో నీలికన్నులు గ్లాడిస్‌వి. రంగు సరిగా కుదరాలని ఆమె స్వయంగా పరంజా ఎక్కిందని చెబుతారు. రెండవది తోటలోని సింహికలు. సింహపు శరీరం, స్త్రీ ముఖం గల ఆ విగ్రహాలకు 1930లో శిల్పి వార్డ్ విల్లిస్ గ్లాడిస్ ముఖమే అమర్చాడు. అప్పటికి ఆమె నిజమైన ముఖం చెదిరి ఉన్నది. శిల్పి అమర్చిన ముఖంలో ఆ చెదురు లేదు.

1931లో డ్యూక్ సౌధం విడిచి వెళ్ళాడు. 1933లో ఆమెనే వెళ్ళగొట్టాడు. లండనులోని ఇంటికి ఆమె చేరితే అక్కడ గాసూ విద్యుత్తూ నిలిపివేయించాడు. విడాకుల పత్రాలు తయారవుతుండగా 1934 జూన్ 30న ఆయన మరణించాడు. కనుక ఆమె డ్యూక్ గారి వితంతువుగానే మిగిలింది. 14వ ఏట ఉత్తరంలో కోరుకొన్న పదవి అట్లా ఆమె దగ్గర ఉండిపోయింది, ఇల్లు మాత్రం లేదు.

తరువాత ఆమె జీవితం మనుష్యులకు దూరమైంది. మిక్స్‌బరీలో కొంతకాలం, పిదప నార్తాంప్టన్‌షైర్‌లోని ఛేకూం గ్రామంలో ఒక పాత వ్యవసాయ గృహంలో కాపురం. ఊరివారికి ఆమె స్పెన్సర్ దొరసాని మాత్రమే. పగలు నిద్రించి రాత్రి మేలుకొనేది; పిల్లులను పెంచుకొన్నది. యుద్ధానంతరం దేశం కోల్పోయి వచ్చిన ఒక పోలండు మనిషి మాత్రమే ఆమెకు తోడుగా పనిపాటలు చేసేవాడు. అతడు వచ్చినప్పుడు పై కిటికీ నుండి తాళపుచెవి క్రిందికి దించేది. ఆ ఇంటిలో, దుమ్ము క్రింద, రోడిన్ చేతి వస్తువులూ, రత్నాలూ, మహారచయితల ఉత్తరాలూ పడి ఉన్నవి.

1962లో ఆమెను బలవంతంగా నార్తాంప్టన్‌లోని సెయింట్ ఆండ్రూస్ మానసిక చికిత్సాలయానికి తరలించారు. అక్కడ వృద్ధరోగుల నడుమ 15 ఏండ్లు గడిపింది. ఆమె బ్రతికి ఉన్నదన్న సంగతే లోకం మరచింది. 1975లో హ్యూగో విక్కర్స్ అనే యువ రచయిత వెదకికొంటూ వచ్చి, 94 ఏండ్ల వృద్ధురాలిని చూచాడు. మొదట ఆమె అతనితో మాట్లాడడానికే ఇష్టపడలేదు. చెవులు వినిపించేవి కావు. అతడు ప్రశ్నలు కాగితం మీద వ్రాసి చూపేవాడు. మెల్లమెల్లగా నోరు విప్పింది. రోడిన్‌ను గురించి, ప్రూస్ట్‌ను గురించి, మొనే తోటను గురించి చెప్పింది. మాటలో పూర్వపు వాడి ఇంకా ఉన్నదనీ, కన్నుల నీలం మాసిపోలేదనీ అతడు గమనించాడు. రెండేండ్లకు పైగా అతడు ఆమెను మరల మరల చూడబోయాడు. 1979లో వెలువడిన అతని గ్రంథం వల్లనే ఈ జీవితం ఇంత వివరంగా మనకు తెలిసింది.

1977 అక్టోబరు 13న గ్లాడిస్ మరణించింది. ఆమెను బ్లెన్‌హైమ్‌లో కాక, తాళపుచెవి దించుకొంటూ బ్రతికిన ఛేకూం గ్రామంలోనే సమాధి చేశారు.